సొరబుర్ర పనిలో జాగ్రత్తలు

పన్నెండు మెట్ల కిన్నెరకు నాదమిచ్చేది ఎండిన సొరబుర్ర. ఆ వాద్యంతోనే దర్శనం మొగులయ్య 2022లో పద్మశ్రీ అందుకున్నారు.

బుర్ర నెలల తరబడి ఎండేటప్పుడు తొక్క మీద బూజు పడుతుంది, అది సహజమే. కోసినప్పుడు, లోపలి ఎండుగుజ్జు గీకినప్పుడు లేచే సన్నని దుమ్ములో ఆ బూజూ కలుస్తుంది. అది ఊపిరితిత్తులకు చేటు. ఉబ్బసం ఉన్నవారికి మరీ ప్రమాదం. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు. ముఖానికి బిగుతుగా పట్టే ఎన్‌95 మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. బుర్రను నీళ్లలో నానబెట్టి తడిగా గీకితే దుమ్ము బాగా తగ్గుతుంది. అపార్టుమెంట్లలోనైతే గదిలో కాక డాబా మీద పని చేయడం మేలు.

గుండ్రని బుర్ర జారుతుంది. తడిగుడ్డ చుట్ట మీద నిలిపి కోయాలి. చేదు సొరలో కుకుర్బిటాసిన్ అనే విషపదార్థం ఉంటుంది. ఆ బుర్రలో తాగునీరు పోయకూడదు.