చుట్లు లెక్కపెట్టే పందెం

అమెరికాలో స్లాట్ కార్లనే చిన్న కరెంటు బొమ్మ కార్లతో డ్రాగ్ రేసింగ్ అని ఒక సరదా ఉంది. ట్రాక్‌లోని గాడి దారి చూపిస్తుంది, దాని పక్కనున్న లోహపు పట్టీలు కరెంటిస్తాయి. అసలు డ్రాగ్ రేసు పావు మైలు, అంటే 1,320 అడుగులు. కారు 24వ వంతు సైజుదైతే ట్రాక్ 55 అడుగులే. ఈ రెప్పపాటు పరుగుకూ మోటారు మీద నిబంధనలుంటాయి. ఎందుకు? జవాబు మోటారులో తీగ చుట్టి ఉండే తిరిగే భాగం, ఆర్మేచర్‌లోనే ఉంది. ఎస్16డీ తరగతిలో ఒక్కో పోలుకు 30 గేజి తీగ 70 చుట్లు. గ్రూప్ 12లో కాస్త లావైన 29 గేజి తీగ 50 చుట్లే. చుట్లు తగ్గి తీగ లావైతే నిరోధం తగ్గుతుంది, మోటారు కరెంటు ఎక్కువ లాగి మరింత జోరుగా తిరుగుతుంది. దీనికి హద్దు లేకపోతే పందెం జేబుల మధ్యే.

హద్దు పెడితే ఇక నేర్పుకు చోటేదంటారు. ఆర్మేచర్‌కు కరెంటందించే కొత్త బ్రష్షును దగ్గరగా చూడండి. అది ఒరుసుకునే రాగి కమ్యుటేటర్ గుండ్రంగా ఉంటుంది, బ్రష్షు కొస దానికి పూర్తిగా అతుక్కోదు. ఒక మూలే తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి, రాగి నల్లబడుతుంది. అందుకే ముందు రెండు మూడు వోల్టుల మీద నిదానంగా తిప్పి, బ్రష్షు ఆ వంపుకు అరిగేదాకా ఆగాలి. ఈ ఓపిక అంగట్లో దొరకదు. సీలు వేసిన మోటార్లు పది కొని మేలైనది ఏరుకునేవాళ్లూ ఉంటారు, నిజమే. అయినా స్ప్రింగు బిగువు, పళ్లచక్రాల నిష్పత్తి కుదరకపోతే ఆ ఏరిన మోటారు కూడా బయల్దేరే గీత దగ్గరే తడబడుతుంది.