ఎదుగు పిల్లలు: ఎముకకట్టు, కొవ్వు

(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)

 

ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమునకు విజ్ఞానము పంచుచున్న గ్రంథాలయమున మాటాడు భాగ్యము కలిగించిన కార్యవర్గమునకు నా కృతజ్ఞతలు.

“మావాడు బక్కచిక్కినా”డని ఒక తల్లి చింతించును. “మా అమ్మాయి లావెక్కిన”దని వేరొక తల్లి అన్నము తగ్గించును. ఇద్దరును కంటిచూపుతో తీర్పు చెప్పుచున్నారు. కాని కన్ను ఎముకను, కొవ్వును వేరుపరచి చూడజాలదు. మణికట్టు, మోచేయి, భుజములు వెడల్పుగా నున్న బిడ్డ కొవ్వు లేకయే ఎక్కువ తూగును. సన్నని ఎముకల బిడ్డ బరువు తక్కువైనను ఆరోగ్యముగా నుండవచ్చును. అట్లని సన్నదనమెల్ల క్షేమము కాదు. పుణె ప్రాంతపు శిశువులు ఇంగ్లండు శిశువులకన్న తక్కువ బరువుతో పుట్టినను, వారిలో కండ తగ్గినంతగా కొవ్వు తగ్గలేదని 2003లో పరిశోధకులు ప్రకటించిరి.

కావున కొలత అవసరము. కిలోల బరువును, మీటర్లలోని ఎత్తును ఎత్తుతోనే హెచ్చించిన మొత్తముచే భాగింపవలెను. 130 సెంటీమీటర్ల ఎత్తు, 26 కిలోల బరువు గల పదేండ్ల బిడ్డకు 15.4 వచ్చును, అది సరియైన అంకెయే. పెద్దల హద్దులు పిల్లలకు వర్తింపవు. 20 అను అంకె పదునారేండ్ల బాలునకు సహజము. ఆరేండ్ల వానికి మితిమీరినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఐదేండ్లలోపు వారికిని, 2007లో పందొమ్మిదేండ్ల వరకును పట్టికలు వెలువరించినది. ఈ లెక్కయు ఎముకను, కండను, కొవ్వును విడదీయదు. అందుచే ఆరేండ్లు దాటిన బిడ్డకు నడుమును గూడ కొలువవలెను. అది ఎత్తులో సగమును మించరాదు.

వయసుతో కొవ్వును మారును. తొలియేట పెరిగి, పిదప తగ్గి, ఐదారేండ్ల ప్రాంతమున మరల పెరుగనారంభించును. ఈ మలుపు మరీ ముందుగా వచ్చిన పిల్లలకు స్థూలకాయము కలుగు అవకాశమెక్కువ. ఈడు వచ్చు బాలికలకు తుంటియందు, తొడలయందు కొవ్వు చేరుట ప్రకృతిధర్మము. ఆ వయసున అన్నము మాన్పించుట వారి ఎముకలకును, రక్తమునకును కీడు. బాలురకు ఆ దశలో కండయు, భుజములును పెరుగును.

నా మనవి యొక్కటి. ఈ గ్రంథాలయపు గోడపై ఎత్తుగీతలు గీయించి, ఒక త్రాసు, ఒక కొలతటేపు, ఒక పుస్తకము ఉంచుడు. ఆరుమాసములకొకసారి ప్రతి బిడ్డ కొలతలను వ్రాయుడు. పొరుగింటి బిడ్డతో పోల్చవలదు. నిరుటి తనతో పోల్చుడు. ఒకనాటి అంకెకన్న ఎదుగుదల నడక ముఖ్యము. ఆ నడక తప్పినచో టానిక్కుల అంగడికి గాక వైద్యుని కడకు పొండు.