పొడి అక్షరములు – మన బిడ్డలు
(పాఠశాల వార్షికోత్సవమునందు తలిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



మన బిడ్డలు ఫోనులలో వ్రాసికొను పొడి అక్షరములు తమకు బోధపడుట లేదని మీలో పలువురు చెప్పుచున్నారు. వానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

పదములను కుదించి వ్రాయుట మనకు క్రొత్త కాదు. పెండ్లిపత్రికలో చి.ల.సౌ. అని చూచినంతనే చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి యని చదువుకొందుము. మ.రా.రా.శ్రీ యనగా మహారాజరాజశ్రీ; కీ.శే. యనగా కీర్తిశేషులు. తంతికి మాటల లెక్కన రుసుము గావున, 2013లో ఆ సౌకర్యము నిలిచిపోవువరకు అందును పొదుపుగనే వ్రాసిరి. ఇంగ్లీషువారికిని ఇది పాత యలవాటే. 'ఓ మై గాడ్' అనుటకు ఓ.ఎం.జి. యని 1917లోనే విశ్రాంత నౌకాసేనాని ఫిషర్, చర్చిల్‌నకు వ్రాసిన లేఖలో నున్నది.

ఇక నేటివానిని చూడుడు. ఎల్.ఓ.ఎల్. అనగా బిగ్గరగా నవ్వుచున్నానని. దానిని ప్రేమపూర్వకమని భ్రమించి పరామర్శ సందేశమున చేర్చినచో ఎంత యనర్థము! బి.ఆర్.బి. అనగా ఇప్పుడే వచ్చెదనని, హెచ్.బి.డి. జన్మదిన శుభాకాంక్ష. టి.సి. యని కనిపించినచో బిడ్డ పాఠశాల విడుచుచున్నాడని కలవరపడకుడు. 'జాగ్రత్త' యని దాని భావము.

ఇవి నిరపాయములు. కాని ఎ.ఎస్.ఎల్. అను మూడక్షరములను మాత్రము గుర్తుంచుకొనుడు. వయస్సెంత, ఆడా మగా, ఏ ఊరు అని అడుగుట యది. ముఖమెరుగనివాడు మన బిడ్డను ఈ ప్రశ్న వేసినచో, బదులీయక తమతో చెప్పవలెనని ముందే నేర్పుడు. చెప్పిన బిడ్డను కోపింపకుడు. కోపించినచో మరల చెప్పడు.

మరియొక సంగతి. ఫోను సందేశమున ఒక్కసారికి ఆంగ్లాక్షరములు 160 పట్టుచుండగా, తెలుగు లిపిలో 70 మాత్రమే పట్టెడివి. పలు పాతఫోనులలో తెలుగు లిపియే లేకుండెను. అందుచే తెలుగును ఇంగ్లీషు అక్షరములతో వ్రాయుట అలవాటయ్యెను. అట్లు వ్రాసినచో కడు, కాడు, కాదు అను మూడు మాటలును ఒక్క రూపే దాల్చును. నేటి ఫోనులలో తెలుగు లిపి సులభముగా వ్రాయవచ్చును. ఇబ్బంది తొలగినది, అలవాటు మాత్రము నిలిచినది.

మన పావగడ తాలూకాలో ఇంట తెలుగు, బయట రాజ్యభాషయగు కన్నడము. రెండును మనకు కావలసినవే. కన్నడ లిపిని కచేరీలును, దుకాణముల పేరుపలకలును నిత్యము కన్నుల యెదుట నిలుపును. తెలుగు లిపికి ఇచ్చట పాఠశాలయు, మీ యిల్లును తప్ప వేరు దిక్కు లేదు. లిపి మరచిన బిడ్డకు తాతగారి ఉత్తరము కూడ పరాయి కాగితమే.

కావున బిడ్డలను మందలింపక, ప్రక్కన కూర్చుండబెట్టుకొని వారి పొడి అక్షరముల అర్థములడుగుడు. బదులుగా చి.ల.సౌ. యననేమో చెప్పుడు. దినమునకొక్క సందేశమైనను తెలుగు లిపిలో మీరే మొదట పంపుడు. బదులు కూడ తెలుగు లిపిలోనే రాగలదు.