బండి వణికితే ముందు కారణం వెతకాలి



ఈ రోజు మన సంఘం పికప్ బండి గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. అది పాత డీజిల్ బండి. దాని మీద ఇంకా అప్పు ఉంది. తెల్లారేసరికి మన కూరగాయల్ని రైతుబజారుకు చేర్చేది అదే. అది దారిలో ఆగితే ఆకుకూర వాడిపోతుంది. అప్పు వాయిదా తప్పుతుంది. అందుకే డ్రైవరు తమ్ముడికే కాదు, మనకూ ఈ సంగతి తెలియాలి.

బండి నిలబెట్టి, ఎక్సిలేటర్ మీద కాలు తీసినా ఇంజను ఆగదు. నెమ్మదిగా తిరుగుతూనే ఉంటుంది. దీన్ని ఐడ్లింగ్ అంటారు. ఇలాంటి పాత ఇంజన్లు చాలావరకు అప్పుడు నిమిషానికి 700 నుంచి 850 చుట్లు తిరుగుతాయి. దానికి కావలసిన కాస్త డీజిల్‌ను పంపు కొలిచి పంపుతుంది. ఇప్పటి కొత్త బండ్లలో ఈ పని కంప్యూటరు చూసుకుంటుంది. పాత బండిలో పంపు మీద ఒక చిన్న స్క్రూ ఉంటుంది.

ఇంజను వణికినా, ఆగిపోయినా కొందరు ముందు ఆ స్క్రూనే తిప్పుతారు. రేసు పెరుగుతుంది. బండి ఆగదు. బాగైందని మనం డబ్బులిస్తాం. కాని రోగం లోపలే ఉంటుంది. పైగా డీజిల్ ఎక్కువ తాగుతుంది. మన బండికీ ఇదే జరిగింది. నాలుగు రోజులకు మళ్ళీ ఆగింది. రెండోసారి చూపిస్తే డీజిల్ ఫిల్టరులో నీరు బయటపడింది.

మరి ఏం చూడాలి? వరుసగా చెబుతాను.

ఒకటి, ఎయిర్ పట్టడం. పొలంలో డీజిల్ ఇంజను ఉన్నవాళ్ళకు ఇది తెలుసు. టాంకు ఖాళీ అయినా, పైపు నట్టు వదులైనా గాలి దూరుతుంది. రేసు పెరుగుతూ, తగ్గుతూ ఉంటుంది. నట్లు బిగించాలి. ఫిల్టరు మీది ఎయిర్ స్క్రూ కొద్దిగా వదులు చేసి చేతి పంపు కొట్టాలి. ముందు నురగ వస్తుంది. బుడగలు లేని డీజిల్ వచ్చాక స్క్రూ బిగించాలి.

రెండు, నీరు, మురికి. నీరు డీజిల్ కంటే బరువు. అడుగుకు చేరుతుంది. ఫిల్టరు కింది స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి పట్టండి. అడుగున వేరే పొర కనిపిస్తే అది నీరే. ఫిల్టరు పాతదైతే మార్చాలి.

మూడు, ఎయిర్ ఫిల్టరు. దుమ్ము పడితే ఇంజనుకు గాలి ఆడదు. నల్ల పొగ వస్తుంది. శుభ్రం చేయించాలి.

నాలుగు, ఇంజెక్టరు. ఒక సిలిండరు సరిగా మండకపోతే ఇంజను మిస్సింగ్ కొడుతుంది. ఇది మెకానిక్ పని. ఇంజను నడుస్తుండగా ఆ పైపుల దగ్గర చెయ్యి పెట్టొద్దు. చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. అలా జరిగితే గాయం చిన్నగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

రేసు దానంతటదే ఎక్కువగా ఉంటే ఎక్సిలేటర్ కేబుల్ పట్టేసిందేమో చూడండి. ఇవన్నీ చూశాకే స్క్రూ ముట్టుకోవాలి.

ఇక మన పని ఒకటుంది. బండికి ఒక నోటుపుస్తకం పెడదాం. డీజిల్ ఎంత పోశారు, ఫిల్టరు ఏ తేదీన మార్చారు, బిల్లు ఎంత అయింది, అన్నీ మనమే రాద్దాం. బిల్లు చదివి, "ఏం మార్చారు? పాత సామాను చూపించండి" అని అడుగుదాం. నేర్చుకున్న అక్షరం మన డబ్బుకు కాపలా కాయాలి.