నీలిరంగు నుండి స్ఫటికము వరకు

ఉయ్యూరు పేరు వినగానే చెరకు తోటలును, పంచదార ఫ్యాక్టరీయు, వీరమ్మ తల్లి తిరునాళ్ళును మనకు తలపునకు వచ్చును. చెరకు రసమునకు సున్నము చేర్చినపుడు అది చక్కగా తేటపడవలెనన్న, రసములో భాస్వరము తగినంత ఉండవలెను. అది ఎంత ఉన్నదో తెలిసికొనుటకు ఆమ్లముతో కూడిన అమ్మోనియం మాలిబ్డేటును చేర్చి, పిదప రంగు తెప్పించు ద్రావణమును కలుపుదురు. నీలిరంగు పుట్టును. రంగు చిక్కనైన కొలది భాస్వరము హెచ్చు. రైతు తెచ్చిన మట్టిలోని భాస్వరమును కొలుచుటయు ఈ విధముననే.

ఈ నీలిరంగునకు మూలమైనది ఒక అణుగుచ్ఛము. నడుమ ఒక భాస్వర పరమాణువు, దాని చుట్టును 12 మాలిబ్డినం పరమాణువులు, వీనినన్నిటిని కూర్చుచు 40 ఆమ్లజని, అనగా ఆక్సిజన్, పరమాణువులు. ఈ జాతి పసుపుపచ్చని లవణమును 1826లో బెర్జీలియస్ వర్ణించెను. టంగ్‌స్టన్‌తో ఏర్పడిన ఇట్టి గుచ్ఛము యొక్క నిర్మాణమును 1933లో మాంచెస్టరులో కెగ్గిన్ ఎక్స్-కిరణములతో తేల్చెను. ఇట్టి వానికి పాలీఆక్సోమెటలేటులని పేరు.

ఇవి మంచి ఉత్ప్రేరకములు. అనగా తాము వ్యయము కాకయే రసాయన చర్యను త్వరపరచును. ప్రొపిలీనును నీటితో కలిపి ఐసోప్రొపైల్ ఆల్కహాలు చేయుటకు 1972లోనే జపానులో వీనిని పరిశ్రమలో వాడిరి. అయితే వీనిలో ఒక చిక్కు కలదు. వీనిలో పెక్కు నీటిలో ఇట్టే కరగును. పని ముగిసిన పిదప వేరుచేయుట కష్టము. విలువైన లోహము కడిగిన నీటితో పోవును. కాలువ నీటిపై బ్రదుకు మన డెల్టావాసులకు, పారబోసిన నీటిలో ఏమి కలిసినదను ప్రశ్న చిన్నది కాదు.

అందుచే శాస్త్రజ్ఞులు ఈ గుచ్ఛములను ముడివేయ యత్నించిరి. రెండు కొనలందును నత్రజని గల బైపిరిడిన్ వంటి కర్బన అణువులు రాగి, కోబాల్టు వంటి లోహములను పట్టుకొనును. ఆ లోహములు గుచ్ఛముల ఆమ్లజనిని పట్టుకొనును. ఈ పదార్థములను నీటితో ఉక్కు పాత్రలో బిగించి, 120 నుండి 180 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కొన్ని దినములుంచి, మెల్లగా చల్లార్తురు. దారముపై కలకండ పేరినట్లు స్ఫటికములు పేరును. తొందరపడి చల్లార్చిన పొడియే మిగులును. స్ఫటికము చక్కగా ఎదిగిన, పని ముగిసిన పిదప వడకట్టి మరల వాడవచ్చును.

మన రాజధానిగా నుండిన హైదరాబాదులో కూడ ఇట్టి కృషి జరిగినది. హైదరాబాదు విశ్వవిద్యాలయమున సమర్ కె. దాస్ గారును, వారి సహచరులును 2018లో కోబాల్టు, టంగ్‌స్టన్‌ల గుచ్ఛమును, జింకు, ఇమిడజోలులతో అల్లిన పంజరములో నిలిపి, విద్యుత్తు సాయమున నీటి నుండి ఆమ్లజనిని వెలువరించు ఉత్ప్రేరకమును ప్రకటించిరి. ఇది ముడివేయుట కాదు, పంజరమున నిలుపుట. ఉద్దేశ్యము మాత్రము ఒక్కటే: గుచ్ఛము నీటిపాలు కాకుండుట.

ఇట్టి స్ఫటికము నిజముగా నిలిచినదా యని తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. చర్య సగములో ఉండగా వేడిమీదనే స్ఫటికమును వడకట్టి తీసివేయుదురు. మిగిలిన ద్రవములో చర్య అదే వేగముతో సాగుచునే యున్న, ఉత్ప్రేరకము కరగి జారిపోయినట్లే. ఆగినచో చాల వరకు నిలిచినట్లు. కావున క్రొత్త ఉత్ప్రేరకమును గూర్చి వినునపుడు, అది ఎంత త్వరగా పనిచేయునని మాత్రమే కాక, ఎంత తిరిగి చేతికి వచ్చునని కూడ మనము అడుగవలెను. మన కాలువలకు మేలు చేయునది ఆ రెండవ ప్రశ్నయే.