ఉపవాసము: దాని ధర్మము, దాని మేలు



తొలి ఏకాదశి వచ్చినంతనే తెలుగు పల్లెలలో ఇంటింట పేలపిండి కమ్మని వాసన వచ్చును. కార్తిక సోమవారమున ఆకాశమున చుక్క పొడచువరకు గృహిణులు పచ్చిమంచినీరైనను ముట్టక వేచియుందురు. శివరాత్రినాడు పిల్లలు సైతము పెద్దలతో పోటీపడి ఉపవాసముండి, రెండవజాము గడవకమునుపే గోడకు జేరగిలబడి నిద్రపోదురు. ఈ ఆచారములు తరతరములుగా వచ్చుచున్నవి. అయితే ఇటీవల వీనికొక క్రొత్త వ్యాఖ్యానము బయలుదేరినది. పూర్వులు ఉపవాసములను ఆరోగ్యము కొరకే ఏర్పరచిరనియు, వానిని పాటించువారికి రోగములే రావనియు పలువురు చెప్పుచున్నారు. ఈ మాటలో సత్యమెంత, అతిశయమెంత అని విచారించుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

ఇది ఊరక ప్రొద్దుపుచ్చు చర్చ కాదు. చక్కెరవ్యాధిగల వృద్ధురాలు మాత్ర మ్రింగినచో వ్రతభంగమగునని భయపడి మందు మానివేయును. మరియొకరు మాత్ర మ్రింగి అన్నము మానుదురు. మధ్యాహ్నమునకు ఒడలెల్ల చెమటపట్టి స్పృహ తప్పుదురు. వ్రతము పేర ప్రాణము మీదికి వచ్చునప్పుడు శాస్త్రమేమి చెప్పినదో తెలిసికొనుట అందరికిని అవసరము.

మొదట పదమును చూడవలెను. 'ఉప' అనగా సమీపము. 'వాసము' అనగా ఉండుట. భగవంతుని సన్నిధిని మనసు నిలుపుటయే ఉపవాసమని పెద్దలు చెప్పుదురు. అన్నము మానుట అందులకు సాధనము మాత్రమే. ఇంట గింజలు లేక కడుపు మాడ్చుకొనుటకు తెలుగువారు ఉపవాసమని పేరు పెట్టలేదు. దానిని పస్తు అన్నారు. రెంటను ఆకలి ఒక్కటే, కాని ఒకటి కోరి పట్టినది, మరియొకటి విధి పెట్టినది. ఈ భేదమును మన భాషయే కనిపెట్టి యుంచినది.

ఉపవాసమున అందరికి ఒకే నియమము లేదు. ఏమియు తినకుండుట పూర్ణోపవాసము. పగలు మాని రాత్రి భుజించుట నక్తము. దినమునకు ఒక్కమారే భుజించుట ఏకభుక్తము. పల్లెలలో దీనినే ఒక్కపొద్దు అందురు. అడుగక లభించినదానితో తృప్తినొందుట అయాచితము. ఇన్ని మెట్లు కల్పించుటలోనే శాస్త్రకారుల దయ కనబడుచున్నది. శక్తి గలవాడు పై మెట్టెక్కును. లేనివాడు క్రింది మెట్టుననే నిలిచి నమస్కరించును. ఇద్దరికిని వ్రతఫలము కలదు.

కాని లోకమున జరుగుచున్నదేమి? ఫలాహారమను మాట పలహారముగా మారి, పండ్లు పోయి పిండి మిగిలినది. శనివారము రాత్రి అన్నము మానితిమని చెప్పి, ఉప్పుడుపిండి, మినపరొట్టె, దానిపై ఇంత నెయ్యి పుచ్చుకొనినచో, అది అన్నముకంటె బరువే కాని తేలిక కాదు. అట్టి ఉపవాసమువలన ఆరోగ్యము వచ్చునని ఏ వైద్యుడును చెప్పజాలడు. మరియు, ఇంట ఉపవాసముండునది తరచుగా స్త్రీలే. నిరాహారముగా పొయ్యికడ నిలిచి తక్కినవారికి పలహారములు చేయునదియు వారే. పుణ్యమున పాలు కోరు మగవారు పనిలోను పాలు పంచుకొనవలెను గదా!

ఇక వైద్యమును గూర్చి. లంఖణము పరమౌషధమను సామెత అందరును ఎరిగినదే. ఆయుర్వేదమున లంఘనమనగా దేహమును తేలికపరచుట. చరకసంహిత లంఘనమునకు పది మార్గములు చెప్పినది. ఉపవాసము వానిలో ఒకటి. అజీర్ణమునను జ్వరారంభమునను అది మేలుచేయునని వైద్యులు భావించిరి. వర్షర్తువున జఠరాగ్ని మందగించునని కూడ ఆ శాస్త్రము చెప్పుచున్నది. కాని అదే చరకుడు లంఘనము ప్రక్కనే బృంహణమును, అనగా పుష్టి కలిగించు చికిత్సను చెప్పి, కృశించినవారికిని, దుర్బలులకును, వృద్ధులకును అదియే తగినదనెను. సామెత సగమును మాత్రమే కంఠస్థము చేసి, తక్కిన సగమును మరచుట న్యాయము కాదు.

నవీన శాస్త్రము చెప్పునదియు చూడవలెను. భోజనము మానిన పిదప కాలేయమున దాగిన చక్కెర సుమారు ఒక పగలు, ఒక రాత్రి దేహమును నడపును. అది తరిగినకొలది దేహము తన క్రొవ్వును కరిగించుకొనును. జీవకణములు తమలోని పాతబడిన భాగములను తామే విడగొట్టి మరల వాడుకొను విధానమును ఈస్టు కణములలో పరిశోధించి వెల్లడించిన జపాను శాస్త్రజ్ఞుడు యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ బహుమానము లభించినది. కణములు పస్తున్నప్పుడు ఈ పని హెచ్చును. దీనిని పట్టుకొని, ఏకాదశీ వ్రతమునకు నోబెల్ బహుమానము వచ్చినదని కొందరు ప్రచారము చేయుచున్నారు. అది నిజము కాదు. ఆ బహుమానము కణముల పరిశోధనకు వచ్చినది; నెలకు రెండు ఉపవాసములు ఫలాని రోగమును కుదుర్చునని అందు నిరూపింపబడలేదు.

2022లో ప్రకటింపబడిన మరియొక పరిశోధన కలదు. చైనాలోని గ్వాంగ్‌ఝౌ నగర వైద్యులు 139 మంది స్థూలకాయులను ఏడాదిపాటు పరిశీలించిరి. అందరికిని మితాహారమే ఇచ్చిరి. కాని కొందరిని ఉదయము 8 గంటలనుండి సాయంకాలము 4 గంటలలోపల మాత్రమే తినుమనిరి. రెండు పక్షములవారును బరువు తగ్గిరి; వారి నడుమ చెప్పదగిన భేదము కనబడలేదు. మేలుచేసినది మితమే కాని గడియారము కాదని దీనివలన తోచుచున్నది.

చంద్రుడు సముద్రమును పొంగించినట్లు ఏకాదశినాడు దేహములోని నీటిని పొంగించునని మరియొక వాదము కలదు. సముద్రతీరమున బెస్తవారిని అడిగినచో, పెద్ద పోటు వచ్చునది పౌర్ణమి, అమావాస్యల ప్రాంతముననే కాని ఏకాదశినాడు కాదని చెప్పుదురు. మహాసముద్రమును లాగు శక్తికి మనిషి దేహమున పట్టు చిక్కదు. వ్రతమునకు ఇట్టి ఊతకఱ్ఱలు అక్కరలేదు.

లెక్క వేసి చూచినను విషయము తేటపడును. ఏడాదికి ఏకాదశులు 24; అధికమాసము వచ్చినచో 26. తక్కిన మూడువందలకు పైబడిన దినములలో జిహ్వకు కళ్లెము లేనిచో, ఈ 24 దినములు ఏ మేరకు కాపాడగలవు? ఉపవాసదినమున నేర్చిన నిగ్రహము మరునాటి విస్తరిలో కనబడినప్పుడే దేహమునకును మేలు. అతిగా తినువానికిని, బొత్తిగా తిననివానికిని యోగము సిద్ధింపదని గీతయందు భగవానుడు చెప్పినది ఈ మితమును గూర్చియే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. మందు వ్రతభంగమా? భారతమున ఉద్యోగపర్వములో విదురుడు ధృతరాష్ట్రునకు నీతులు చెప్పుచు, వ్రతమును చెరుపనివి ఎనిమిదింటిని లెక్కించెను. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధము అనునవే ఆ ఎనిమిది. ఇంతకంటె స్పష్టముగా ఎవరు చెప్పగలరు? కావున చక్కెరవ్యాధికి మాత్రలో సూదిమందో వాడువారు, గర్భిణులు, పాలిచ్చు తల్లులు, మూత్రపిండముల వ్యాధిగలవారు వైద్యుని అడుగక ఉపవాసముండరాదు. అడిగినప్పుడు మందు మోతాదు మార్చవలెనో, ఉపవాసమే మానవలెనో ఆయన చెప్పును. జ్యేష్ఠమాసపు ఎండలో నిర్జల ఏకాదశి పట్టి పొలమున పనిచేయుట వడదెబ్బను పిలుచుకొనుటయే. అట్టివారిని చూచి భక్తి తక్కువయని ఇరుగుపొరుగువారు ఎత్తిపొడుచుట అంతకంటె పెద్ద దోషము.

పోతన భాగవతమున నవమస్కంధములోని అంబరీషుని కథ అందరికిని పరిచితమే. ఏడాదిపాటు ద్వాదశీవ్రతము సలిపి, మూడు రాత్రులు ఉపవసించి, ఆ రాజు పారణకు సిద్ధమయ్యెను. అతిథియై వచ్చిన దూర్వాసుడు కాళిందికి స్నానమునకేగి ఆలస్యము చేసెను. ద్వాదశి ఇక అర్ధముహూర్తమే, అనగా గడియసేపే, మిగిలినది. భుజించినచో అతిథికి అపచారము; భుజింపనిచో వ్రతమునకు లోపము. పండితులను అడిగి రాజు చేసినదేమి? ఇంత నీరు త్రాగెను. అది తినినట్లును, తిననట్లును అగును. ఆ నీటిగ్రుక్కకు కోపించిన మహాతపస్వి లోకములన్నియు పరుగులెత్తవలసి వచ్చెను. విష్ణుచక్రము రాజును కాచెను. దూర్వాసుడు తిరిగివచ్చువరకు నీటితోనే గడపి, ముందు ఆయనకు భోజనము పెట్టి, పిదప తాను భుజించిన అంబరీషుడే నిజమైన ఉపవాసి.

భగవంతుడు చూచినది రాజు కడుపును కాదు, మనసును. వచ్చు ఏకాదశినాడు ఏ ఇంటనైనను ఒక ముసలితల్లి మాత్ర చేతబట్టి సందేహించుచున్నచో, ఆమెకు విదురుని మాటయు అంబరీషుని నీటిగ్రుక్కయు జ్ఞాపకము చేసి, ఒక గ్లాసెడు పాలతో ఆ మందును చేతికందించువారికి వ్రతఫలము తప్పక దక్కును.

స్వస్తి.