పెద్ద టైరు – బిల్లులో కనబడని ఖర్చు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో మన సభ్యులు, విశ్రాంత వర్క్‌షాపు ఫోర్‌మన్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకునే సభలో టైర్ల ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. కార్యదర్శిగారు నన్ను అడగటానికి కారణం ఉంది. ఈమధ్య మన సభ్యుల ఇళ్ళలో ఫోర్ వీల్ డ్రైవు బళ్ళు బాగా కనబడుతున్నాయి. కొన్నది పిల్లలే అయినా, అందులో మన గ్రాట్యుటీ సొమ్మో, కమ్యుటేషన్ సొమ్మో కొంత కలిసే ఉంటుంది. బండి వచ్చిన ఆరు నెలలకు "నాన్నా, టైర్లు చిన్నవిగా ఉన్నాయి, పెద్దవి వేయిద్దాం" అనే మాట వస్తుంది. టైరు ధర ఎంతో దుకాణంవాడు చెబుతాడు. ఆ తరువాత అయ్యేది ఎవరూ చెప్పరు. నాకిచ్చిన అరగంటలో ఆ తరువాతి సంగతి మనవి చేస్తాను.

మనలో చాలామందిమి జీపుల్లో తిరిగి ఉద్యోగాలు చేసినవాళ్ళమే. రెండో ప్రపంచయుద్ధం నాటి విల్లీస్ జీపుకు 6.00-16 టైరు వేశారు. అంటే ఆరంగుళాల వెడల్పు, అంతే. మహీంద్రావారు 1947 నుంచి మన దేశంలో కూర్చి అమ్మిన జీపులు ఆ సంతతివే. నల్లమలలోనూ, రంపచోడవరం ఏజెన్సీలోనూ వానాకాలపు బాటలమీద ఆ సన్నటి టైర్లతోనే వెళ్ళొచ్చాం. పలచని బురద కింద గట్టి నేల ఉన్నచోట సన్నటి టైరు పైపొరను కోసుకుని దిగి అడుగున నేలను పట్టుకుంటుంది. ఇసుకలో మాత్రం వెడల్పు టైరుదే పైచేయి. అది ఒప్పుకోవాలి. పెద్దదయితే ప్రతిచోటా మంచిదనుకోవటం మాత్రం చూపుకు సంబంధించిన సంగతి, దారికి సంబంధించింది కాదు.

ఇప్పుడు ఒక బండిని ఎదురుగా పెట్టుకుని లెక్క వేద్దాం. 2020లో వచ్చిన కొత్త థార్‌లో ఒక రకానికి 245/75 ఆర్ 16 టైరు ఇచ్చారు. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో నూటికి ఎన్నోవంతు టైరు పక్కగోడ ఎత్తో చెబుతుంది. మూడోది రిమ్ము అంగుళాలు. గుణించి కూడితే టైరు మొత్తం ఎత్తు 774 మిల్లీమీటర్లు, అంటే ముప్పయ్యిన్నర అంగుళాలు. దీని స్థానంలో అదే 16 అంగుళాల రిమ్ముకు 285/75 వేయించారనుకోండి. ఎత్తు 834 మిల్లీమీటర్లవుతుంది. పెరిగింది 60 మిల్లీమీటర్లు. బండి లేచేది మాత్రం అందులో సగమే, 30 మిల్లీమీటర్లు. ఇరుసు చక్రానికి నడిమధ్యన ఉంటుంది కదా! మనం కొంటున్నది ఆ 30 మిల్లీమీటర్లు, అంగుళం పైన కొద్దిగా. ఈ అంకె గుర్తుపెట్టుకోండి. ఇకమీదట చెప్పే ఖర్చంతా ఈ అంగుళానికే.

మొదట స్పీడామీటరు సంగతి. అది చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కబెట్టి వేగం చెబుతుంది. పాత టైరు కిలోమీటరుకు సుమారు 411 చుట్లు తిరిగితే కొత్తది 382 చుట్లే తిరుగుతుంది. ముల్లు 80 దగ్గర ఉంటే బండి 86 మీద పోతూ ఉంటుంది. కెమెరా తీసిన ఫొటోతో చలానా ఇంటికి వచ్చినపుడు "నేను 80 దాటలేదు" అని అబ్బాయి వాదిస్తాడు. పాపం, అతని మటుకు అతను నిజమే చెబుతున్నాడు. కిలోమీటర్ల మీటరుదీ ఇదే కథ. నూరు కిలోమీటర్లు తిరిగితే 93 చూపుతుంది. 10,000కు ఆయిలు మార్చాలని పుస్తకంలో ఉంటే, మీటరు చూసి మార్చేసరికి బండి 10,775 తిరిగి ఉంటుంది. సెకండ్‌హాండ్ బండి కొనేవారు కూడా ఇది చూసుకోవాలి. పెద్ద టైర్లమీద నడిచిన బండి మీటరులో 50,000 ఉంటే అసలు తిరిగింది దాదాపు 54,000. మైలేజీ కట్టేటపుడు ఇది తిరగబడుతుంది. మీటరు తక్కువ చూపటంవల్ల మైలేజీ ఉన్నదానికంటె అధ్వాన్నంగా కనబడుతుంది. ఆ తేడా తీసివేసి చూసినా నిజంగా తగ్గేది ఉండనే ఉంటుంది. లీటరుకు 12 ఇచ్చే బండి 11కు దిగిందనుకుందాం. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగేవారికి 91 లీటర్లు అదనం. ఆ డబ్బు ఏ బిల్లులోనూ విడిగా కనబడదు.

ఇంతకన్న పెద్ద సంగతి బలానిది. ఇంజను బలం ఇరుసు దగ్గరకు వస్తుంది, అక్కడినుంచి నేల అంచుదాకా చేరాలి. ఆ దూరం పెరిగినకొద్దీ నేలమీద తోపు తగ్గుతుంది. మన లెక్కలో నూటికి ఏడు వంతులు పోయింది. అంటే అన్ని గేర్లూ కొంచెం పై గేర్లయి కూర్చున్నాయి. ఊళ్ళో తెలియదు. శ్రీశైలం ఘాటులోనో, అరకు పోయే ఘాటులోనో నిండు బండిని మలుపులో ఆపి మళ్ళీ ఎత్తించేటపుడు తెలుస్తుంది. క్లచ్చిని సగం నొక్కి సాగదీస్తారు, ప్లేటు కాలుతుంది. ఆటోమేటిక్ అయితే గేర్లు పైకీ కిందకీ మారుతూ ఆయిలు వేడెక్కుతుంది. క్లచ్చి ప్లేటు మార్పించినపుడు "డ్రైవింగు బాగాలేదు" అని అబ్బాయి మీద పెడతారు. టైరును ఎవరూ అనుమానించరు.

దానికితోడు బరువు. గట్టి పక్కగోడలున్న ఆ రకం టైరు ఒక్కొక్కటి ఏడెనిమిది కిలోలు ఎక్కువ తూగటం మామూలే. నాలుగింటికి 30 కిలోలే కదా అనకండి. బండిలో పెట్టిన బియ్యం బస్తా వేరు, తిరిగే చక్రం అంచున ఉన్న బరువు వేరు. అంచున ఉన్న బరువును ముందుకు కదిలించాలి, పైగా తిప్పాలి కూడా. అందుకని బండిని కదిలించటానికీ, ఆపటానికీ ఆ కిలో దాదాపు రెండు కిలోల పెట్టు. 30 కిలోలు 60 కిలోల మనిషి ఎక్కి కూర్చున్నంత అన్నమాట. ఆ మనిషి మళ్ళీ దిగడు.

ఆపటం అన్నాను గనుక బ్రేకు దగ్గర కాస్త ఆగుతాను. నా ఉద్దేశంలో డబ్బుకంటె ముందు చూడవలసింది ఇదే. డిస్కు అదే, ప్యాడ్లు అవే, పెడలుమీద కాలి ఒత్తిడి అదే. కాని టైరు అంచు దూరం జరిగింది కాబట్టి నేల దగ్గర ఆపే బలం ఏడు వంతులు తగ్గుతుంది. ఆపవలసిన బరువేమో పెరిగింది. బలంగా తొక్కితే ఆగుతుంది, నిజమే. కాని ఘాటు దిగేటపుడు పదే పదే తొక్కుతుంటే వేడి త్వరగా ఎక్కుతుంది. బురదకోసం చేసిన పెద్ద గళ్ళ టైరయితే తడి తారురోడ్డుమీద ఆనే రబ్బరు తక్కువ, పట్టు తక్కువ. ఏబీఎస్ ఉందని ధైర్యం చెబుతారు. నాలుగు టైర్లూ ఒకే సైజయితే చక్రాల వేగాలు పోల్చటం దానికి కష్టం కాదు. కాని ఎంత పట్టాలి, ఎంత వదలాలి అనే లెక్క కంపెనీవారు పాత టైరుమీద పరీక్షించి పెట్టింది.

గేర్ల బలం తిరిగి రావాలంటే క్రౌన్ పినియన్ మార్చాలి. ఉదాహరణకు 4.3 నిష్పత్తి ఉన్నచోట 4.6 కావాలి. మామూలు బండికి అది ఒక సెట్టు. ఫోర్ వీల్ డ్రైవు బండికి ముందొకటి వెనకొకటి, రెండూ ఒకే నిష్పత్తిలో మార్చాలి. ఒకటే మార్చి నాలుగు చక్రాలూ కలిపితే ముందు ఇరుసు ఒక లెక్కలో, వెనక ఇరుసు ఒక లెక్కలో లాక్కుంటాయి, మధ్యన ట్రాన్స్‌ఫర్ కేసు నలిగిపోతుంది. కాబట్టి టైరుకు పెట్టిన డబ్బుకు రెట్టింపు పని ఇక్కడే ఉంది. చాలామంది అది మానేసి, ఏడు వంతుల లోటుతోనే నడుపుతూ క్లచ్చిలు మారుస్తూ ఉంటారు.

ఇక తగలటం. నిటారుగా ఉన్నపుడు సరిపోయిన టైరు స్టీరింగు పూర్తిగా తిప్పినపుడు లోపలి ప్లాస్టిక్కును రాస్తుంది, గుంటలో దిగినపుడు మడ్‌గార్డును కొడుతుంది. అపుడు రెండు దారులు చెబుతారు. చక్రాన్ని బయటికి జరపటం, లేదా స్ప్రింగులు మార్చి బండిని లేపటం. బయటికి జరిపితే బరువు బేరింగు నడిమికి కాక పక్కకు పడుతుంది. బేరింగులు, బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు ముందే అరుగుతాయి. లేపితే ముందు ఇరుసు షాఫ్టులు ఏటవాలుగా తిరుగుతూ వాటి రబ్బరు బూట్లు చిరుగుతాయి, దుమ్ము చేరుతుంది. ఎలైన్‌మెంటు తిరిగి చేయించాలి. హెడ్‌లైట్లు పైకి లేచి ఎదుటివారి కళ్ళలో కొడతాయి. మలుపులో బండి ఎక్కువ ఒరుగుతుంది. మన వయసువారికి ఇంకొకటి. ఎక్కే మెట్టు ఎత్తు పెరుగుతుంది. మోకాళ్ళ నొప్పులున్న ఇల్లాలు ఆ బండిలో గుడికి వస్తుందో రాదో ముందే అడిగి చూడండి.

మా మేనల్లుడి బండి విషయంలో జరిగింది చెబుతాను. టైర్ల దుకాణంవారు నాలుగు పెద్ద టైర్లు వేసి, పాతవాటిలో ఒకదాన్ని స్టెపినీగా ఉంచారు. ఐదోదానికి డబ్బు మిగిలిందని అందరూ సంతోషించారు. కొండమీద రాత్రిపూట వెనక టైరు పంక్చరయింది. స్టెపినీ వేస్తే వెనక ఒక పక్క చక్రం రెండున్నర అంగుళాలు చిన్నది. డిఫరెన్షియల్ అనేది మలుపుల్లో కొద్దిసేపు పనిచేయటానికి ఉన్నది. అలాంటిదాన్ని తిన్నటి దారిలో కూడా గంటలతరబడి తిప్పారు. ఫోర్ వీల్ వేయకూడదని అతనికి తెలుసు గాని, బురద వచ్చి వేయక తప్పలేదు. ఆ నెలలోనే వెనక నుంచి మూలుగు మొదలయింది. విప్పించి చూస్తే డిఫరెన్షియల్ లోపలి చిన్న పళ్ళచక్రాలు పాడయ్యాయి. తరువాత ఐదో పెద్ద టైరు కొన్నాడు. దాన్ని వెనక తలుపుకు బిగిస్తే ఏడాదిలో తలుపు బందులు వంగి, తలుపును చేత్తో ఎత్తి మూయవలసి వచ్చింది. దుకాణంవారిని అడిగితే అది బండి కంపెనీ లోపమన్నారు. కంపెనీ సర్వీసువారు టైర్లు చూసి, వారంటీ వర్తించదన్నారు. ఇద్దరి మధ్య పిల్లవాడి జేబు ఖాళీ అయింది.

చట్టం సంగతి రెండు మాటల్లో. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షనులో, అనుమతిలేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలలదాకా జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు రూ. 5,000 జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. రోడ్డుమీద ఎవరూ ఆపకపోవచ్చు. ప్రమాదం జరిగి ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చినపుడు మాత్రం టైరు మీద అంకె చదువుతాడు. మార్పు ముందుగా తెలియజేయలేదన్నది పేచీకి చాలు.

అయితే పెద్ద టైరు ఎవరికీ అక్కరలేదా? అలా అనను. స్ప్రింగులు మార్చి లేపితే బాడీ లేస్తుంది గాని, వెనక ఇరుసు మధ్య ఉండే డిఫరెన్షియల్ గుండు నేలకు అంతే ఎత్తులో ఉంటుంది. దాన్ని లేపేది టైరు ఒక్కటే. రోజూ బండరాళ్ళ బాటలో ఎస్టేటుకు వెళ్ళేవారికి ఆ అంగుళం విలువ తెలుసు. వారు బ్రేకులు, క్రౌన్ పినియన్, ఐదో టైరు అన్నీ కలిపి లెక్క వేసుకుని చేయించుకుంటారు. ఏడాదికి రెండుసార్లు అడవికీ, మిగతా రోజులు ఆఫీసుకూ పోయే బండికి ఆ అవసరం నాకు కనబడదు.

వారికి చౌక ఉపాయం ఉంది. కంపెనీ సైజు టైర్లు అరిగినపుడు అదే సైజులో కాస్త గరుకు రకం వేయించండి. ఇసుకలో, మెత్తటి నేలమీద గాలి తగ్గించండి. 30 పౌండ్లు ఉన్నదాన్ని 18–20కి దించితే టైరు పొడవుగా చదునై ఎక్కువ నేలను పట్టుకుంటుంది, కూరుకుపోదు. వేగం 20–25 దాటకూడదు, స్టీరింగు ఒక్కసారిగా కోయకూడదు. లేకపోతే టైరు రిమ్మునుంచి ఊడుతుంది. తారురోడ్డు ఎక్కేముందు తిరిగి నింపి తీరాలి. తక్కువ గాలితో వేగంగా పోతే పక్కగోడలు వేడెక్కి పగులుతాయి. దీనికి కావలసింది ఒక గేజీ, బండి సాకెట్టుకు తగిలించే చిన్న పంపు. రెండూ కలిపి ఒక పెద్ద టైరు ధరలో చిన్న భాగమే అవుతాయి.

ఒక సోదరులు చీటీ పంపారు, తమ బండికి సరైన సైజు, గాలి ఎంతో ఎక్కడ చూడాలని. డ్రైవరు తలుపు తెరవండి. సాధారణంగా తలుపు చట్రంమీద చిన్న కాగితం అంటించి ఉంటుంది. ముందు టైర్లకు ఎంత, వెనక టైర్లకు ఎంత, నిండు బరువుతో ఎంత అని అందులో ఉంటుంది. దాన్ని ఒక చీటీమీద రాసుకుని టైర్ల దుకాణానికి వెళ్ళేటపుడు వెంట తీసుకువెళ్ళండి. చలివేళ, బండి నడపకముందు గాలి చూడండి.

భోజనాల వేళయిందని కార్యదర్శిగారు గడియారం చూపుతున్నారు. మిగతా ప్రశ్నలు పంక్తిలో కూర్చున్నపుడు అడగండి.